మామ బిగించిన బోల్టులు

బావా,

సాంబారు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. నేను అత్తను చూడడానికి తిరుత్తణి రైలుకు పోతున్నా.

జీపు ఇంజను మీద హెడ్డు మూత ఎక్కించేటప్పుడు పాత బోల్టులు వాడొద్దు. "మా నాయన చేత్తో బిగించినవి, యెందుకు మార్చాల?" అని నిన్న అలిగావు. నాకూ మనసొప్పక, వాటిని ఇత్తడి దీపాల్లా చింతపండు వేసి తోమాను. తళతళలాడాయి. కానీ పక్కింటి సుందరరాజ్ అన్న పట్టాభిరామ్ బజారు నుంచి తెచ్చిన కొత్త బోల్టు పక్కన నిలబెడితే, పాతది బియ్యపుగింజ మందం ఎక్కువ పొడుగుంది. మర దగ్గర నడుము సన్నబడింది. ఇన్నేళ్లూ సాగి సాగి అలిసిపోయాయి, పాపం. మళ్లీ బిగిస్తే తెగుతాయి.

కొత్తవి బియ్యం డబ్బా మీద పెట్టాను. నడిమి నుంచి మొదలుపెట్టి మూడు విడతలుగా బిగించు. నా మీద కోపం వాటి మీద చూపించకు. ఆదివారానికి బండి కదలాలి. "మీ మామ జీపొస్తేనే ఇంటికొస్తా, బస్సెక్కను పో" అని అత్త తిరుత్తణిలో తన కూతురింట్లో మొండికేసి కూర్చుంది.

కస్తూరి

పాతవి పారెయ్యలేదు, పూజ గూట్లో ఉన్నాయి. ఒకటి మాత్రం ఈ చీటీ మీద పెట్టాను. ఫ్యాను వేసి చూశా, కాగితం కదల్లేదు. మామ బోల్టుకు ఇక ఈ పని చాలు.