లోపలి జేబు

బాన్సువాడ,
మంగళవారం.

తమ్ముడు పండరికి అన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ వదినా ఒంట్లో బాగానే ఉన్నాం. భీవండిలో నువ్వూ మరదలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. మీ వదిన మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. ఇక మా దగ్గరుంటున్న నీ కొడుకు విజయ్‌కుమార్ ఫోటో చూసి, ఇద్దరు పట్టే పాంటు వాడికెందుకు, నువ్వయినా చెప్పవా అన్నావు. నాకు నవ్వొచ్చింది. నా బెల్‌బాటం పాంటును బాపు కత్తెరతో మోకాళ్ళ దాకా చీల్చాడు. నువ్వు కాలేజీకి బ్యాగీ వేసుకుంటే, “గోనెసంచి తొడుక్కున్నవేందిరా” అని పదిమందిలో నీ పరువు తీసింది నేనే. తరువాతి పిల్లలు కాలికి అతుక్కునేవి కుట్టించుకున్నారు. ఇప్పుడు మళ్ళీ వదులువి. పెద్దలు తిట్టని పాంటు నేనింతవరకు కుట్టలేదు. అందుకే నీ కొడుకును ఏమీ అనలేదు.

పోయిన నెల బీర్కూర్‌లో పెళ్లి ఊరేగింపులో వాడు ఆడుతుంటే, మహిపాల్ అనే పిల్లగాడు ఆ పాంటును కిందికి లాగాడు. వాడి జట్టు వీడియో తీసింది. అది అందరి ఫోన్లలో తిరిగింది. విజయ్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మిషన్ దగ్గరికి వచ్చి, పాంటు లోపల తొడ వెంబడి సన్నగా ఒక జేబు కుట్టమన్నాడు.

“కొత్త స్టైల్, పెద్దబాపు. నీకు తెల్వది తీయ్. డబుల్ గుడ్డ వెయ్యి, ఉత్తదైతే చినుగుతది.”

ఇది నీకు రాయకూడదనే అనుకున్నాను. పాత బట్టలు విప్పి విప్పి పని నేర్చుకున్నవాణ్ణి, తమ్మీ. జేబు కొలత చూస్తే అందులో ఏం పడుతుందో నాకు తెలుస్తుంది. రెండు వేళ్ళ వెడల్పు, జానెడు లోతు. ఫోను పట్టదు. తెలిసీ అడగలేదు. వాడు నన్నొకటి అడగడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో కుట్టాను. మర్నాడు వాడి దోస్తులవి మూడు వచ్చాయి. అవీ కుట్టాను.

మొన్న మీ వదిన బట్టలు ఉతుకుతూ వాడి జేబు చూపించింది. రెండు పొరల గుడ్డా అడుగున కత్తిమొనకు తెగి ఉంది. అప్పుడు వాణ్ణి అడిగాను.

“కుట్టేటప్పుడు అడగకపోతివి. ఇగ ఇప్పుడెందుకు?” అని వెళ్ళిపోయాడు.

ఈ పొద్దున ఆ మహిపాల్ పాంటు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. నవ్వుతూనే ఉన్నాడు.

“కాకా, విజయ్‌గానికి లోపల జేబు కుట్టినవంట గదా. నాకూ గట్లనే కావాలె. జర ఒక వేలు పొడుగు పెట్టు. శుక్రవారం పిట్లంల పెళ్లి ఉన్నది, ఇద్దరం ఆడతం.”

కాదంటే ఇంకో దుకాణానికి పోతాడు. శుక్రవారం సాయంత్రం ఇస్తానని చెప్పి పాంటు ఉంచుకున్నాను. కుట్టను. వాడు జేబు లేకుండానే రావచ్చు, తీసుకురావలసింది తీసుకురావచ్చు. విజయ్‌ను ఆపడానికి నాకు మొహం లేదు.

ఫోన్‌లో ఇదంతా చెప్పడానికి నోరు రాలేదు. మన ఊరి భాస్కర్ ఇవాళ భీవండి బస్సెక్కుతున్నాడు, వాడి చేతికి ఇస్తున్నాను. రేపటికల్లా నీకు అందుతుంది. అందగానే బయలుదేరు. పెళ్లివాళ్ళ బ్యాండు మోగేలోపు వచ్చి నీ కొడుకును వెంట తీసుకుపో. నన్ను తిట్టడం తరువాత.

ఇట్లు,
నీ అన్న
నర్సింలు