పొగగొట్టం మూత

ఒచిర్ అన్నయ్యా,

అవ్వను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. రేపు గానీ రాము. పాల టీ ఫ్లాస్కులో ఉంది. పొయ్యికి నైవేద్యంగా ఇవ్వాల్సిన మొదటి గరిటె ఇచ్చేశాను, నువ్వు తాగెయ్.

ఈ రాత్రికి పిడకలే వెయ్యి. అవ్వ ఊరి నుంచి తెచ్చిన సంచి తలుపు పక్కనే ఉంది. "గుడారమంతా గొడ్లపాక కంపు" అని వెక్కిరిస్తావని తెలుసు. తొందరగా కాలిపోతాయి, బద్ధకించకుండా లేచి మళ్లీ వెయ్యి. బొగ్గు ఇటుకలు మాత్రం ముట్టుకోకు. అవి తెల్లవార్లూ నివురుగప్పి ఉంటాయి, వేడి పోతుందేమోనని పొగగొట్టం మూత మూయాలనిపిస్తుంది. పోయిన చలికాలం అమ్మ అలాగే మూసింది, మనకు చలేస్తుందని. మనం తలుపు దగ్గర పడుకున్నాం కాబట్టి ఆ విషపు గాలికి పోకుండా మిగిలాం.

నిన్న పొద్దున లేచేసరికి ఆ మూత సగం మూసి ఉంది. మొన్నా అంతే. నేను మూయలేదు. నువ్వు గనిలో ఉన్నావు. అవ్వ మంచం దిగలేదు. అడిగితే, "ఇంకెవరే, మీ అమ్మే. పిల్లలు వణుకుతుంటే చూస్తూ ఊరుకుంటుందా?" అంది.

మూతను తీగతో కట్టేశాను. విప్పకు.

సొలోంగో

పడుకునే ముందు పొయ్యి వైపు తిరిగి, "నాకు చలిగా లేదమ్మా" అని గట్టిగా చెప్పు. చలిగా ఉన్నా సరే.