లోడు వెళ్లాక మారిన మాట

మే నెల, గురువారం రాత్రి. నూజివీడు.

అన్నం సయించలేదు. ఆ మేనేజర్ నవ్వే ఇంకా కళ్లముందు ఉంది.

నా పరిశోధన కోసం వేసవంతా అతను చూసుకునే మామిడి ప్యాక్‌హౌస్‌కే వెళ్తున్నాను. పరిస్థితిని బట్టి నాయకుడు తన పద్ధతి మార్చుకోవాలనే సిద్ధాంతం మీదే నా థీసిస్. నిన్న కాయలు ఏరే ఆడవాళ్లు పని ఆపేశారు. వాళ్లకు మరుగుదొడ్డి లేదు. అందుకని ఇంత ఎండలోనూ నీళ్లు తాగకుండా ఓర్చుకుంటున్నారు. బంగినపల్లి లోడు ఆగిపోయేసరికి మేనేజర్ చేతులు జోడించాడు. "రేపే కట్టించడం మొదలుపెడతానమ్మా" అన్నాడు. వాళ్లు నమ్మి లోడు ఎక్కించారు.

ఇవాళ వాళ్లలో లక్ష్మి అందరి తరఫున వెళ్లి, పని ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది. "ఇష్టమైతే చెయ్యండి, లేకపోతే పొండి" అని కసిరాడు. ఆపైన నా వైపు తిరిగి నవ్వాడు.

"నిన్నటి పరిస్థితి వేరండి, ఇవాళ్టిది వేరు. మీ థియరీ అదే కదండీ మేడమ్!"

"మార్చుకోవాల్సింది పద్ధతండీ, ఇచ్చిన మాట కాదు" అన్నాను, అందరి ముందే. రేపటి నుంచి రావద్దన్నాడు.

మా గైడ్‌కి ఫోన్ చేశాను. "సారీ చెప్పేయమ్మా, లేకపోతే డేటా పోతుంది. అయినా లోడు వెళ్లింది కదా, నెగోషియేషన్ సక్సెస్ అనే రాయి" అన్నారు. ఎంత అసహ్యం వేసిందో! ఫోన్ పెట్టేశాను.

థీసిస్ ఏమవుతుందో తెలియదు. పొద్దున్నే లక్ష్మితో మైలవరంలో ఉండే ప్యాక్‌హౌస్ ఓనర్ ఇంటికి వెళ్లి, మేనేజర్ మాట ఇవ్వడం నేను విన్నానని చెప్తాను. ఆ తర్వాత లక్ష్మిని పనిలో ఉండనిస్తారో లేదో... ఆ మాటే తనతో అంటే, "పోతే పోనీండి, నేనొస్తాను" అంది.