ఆవిణ్ణి అడిగి చెప్పండి

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను తద్దినాలు పెట్టే మనిషిని కాదని నీకు తెలుసు. అందుకని మండపేటలో నువ్వు చివరిదాకా ఉన్న ఆశ్రమంలోనే అందరికీ భోజనాలు పెట్టించాను.

వడ్డనకి ముందు మేనేజరు ఎప్పుడూ దాతలకి చూపించినట్టే నాకూ మంచాలు చూపించడం మొదలుపెట్టాడు. ఎవరికి ఏ జబ్బో, ఎవరిని ఎవరు గెంటేశారో అన్నీ పైకే చెబుతాడు. నీ వంతు వచ్చినప్పుడల్లా నువ్వు గోడవైపు తిరిగి పడుకునేదానివి. ఇప్పుడు నీ మంచం మీద ఒక కొత్తావిడ ఉంది.

"ఈవిడ కథ వింటే కన్నీళ్లాగవండి," అన్నాడు.

"ఆవిణ్ణి అడిగి చెప్పండి."

"ఆవిడకి సరిగా వినపడదండి. అయినా చెబితేనే కదండీ దాతలకి జాలి పుట్టేది."

"ఒక పూట భోజనం పెట్టినంత మాత్రాన మనిషి బతుకంతా వినే హక్కు నాకెక్కడిదండి? దగ్గరికెళ్లి చెవిలో అడగండి."

ఇదివరకు ఇలాంటి మాటలు అనేటప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇవాళ ఏమీ అనిపించలేదు. అలవాటు కొద్దీ అన్నాను, అంతే.

అతను వంగి అడిగాడు. "వద్దు బాబూ," అందావిడ. మొహం మాడ్చుకుని వడ్డన దగ్గరికి వెళ్లిపోయాడు.

భోజనాలయ్యాక ఆవిడే నన్ను పిలిచింది.

"ఇంతకుముందు ఇక్కడున్నది మీ అక్కగారట కదా. ఏం జబ్బు బాబూ, పాపం?"

నీ జబ్బు పేరు నేను చెప్పలేదు. ఆవిడ చెవి దగ్గరికి వంగి, "మా అక్కకి చేపల పులుసంటే ప్రాణమండి," అన్నాను.

ఆవిడ పక్కకి జరిగి మంచం మీద నాకు చోటిచ్చింది.

"ఏ చేప బాబూ?" అంది.