ఇంటి కింద నవ్వారు

అత్తయ్య గారికి వందనాలు.

మీరు తిరిగి ఇండియా వెళ్ళిపోయి ఈ ఆదివారానికి పదకొండు నెలలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అబ్బాయికి ఫ్యాక్టరీలో పగటి షిఫ్ట్ ఇచ్చారు. మీ మనవరాలు జాయిస్ డ్రైవింగ్ నేర్చుకుంటోంది. అది స్టీరింగ్ పట్టుకుంటే పక్కన కూర్చునే ధైర్యం నాకు లేదు. ఆ పని వాళ్ళ నాన్నకే వదిలేశాను.

ఈ కబుర్లకే అయితే కాగితం తీయనక్కర్లేదు. మీకు ఒకటి ఒప్పుకోవాలి. మూడు రోజులుగా రాద్దామని కూర్చుంటున్నాను, లేచిపోతున్నాను...

మీ తలకి ఏమీ కాలేదు అత్తయ్యా. ఇల్లే కదిలింది.

మొదటినుంచీ వరసగా రాస్తాను. నా పద్ధతి మీకు తెలుసు కదా.

మీరు ఇండియా నుంచి వచ్చిన మొదటి ఏడు గుర్తుందా? ఈ కెనడాలో, సస్కటూన్ ఊరి చివర, ఈ మొబైల్ హోమ్ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఫ్యాక్టరీలో కట్టి, లారీ మీద తెచ్చి, దిమ్మెల మీద కూర్చోబెట్టిన ఇల్లని మీ అబ్బాయి చెబితే, "లారీ మీద వచ్చింది లారీ మీదే పోదు గదా నాయనా?" అన్నారు. మీ అబ్బాయి ముఖం చూసి నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

ఆ ఎండాకాలమే నీళ్ళ పైపు బాగు చేయించడానికి ఇంటి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పలక ఒకటి తీయించాం. మీరు వంగి లోపలికి చూశారు. ఇంటి అడుగున ఉన్న ఉక్కు దూలాల నుంచి నేలలో పాతిన యాంకర్ల దాకా వెడల్పాటి ఇనుప పట్టీలు. "ఓసినీ, ఇంటికి నవ్వారేశారే" అన్నారు.

మీ పుట్టింట్లో నవ్వారు మంచాలన్నీ మీరే బిగించేవారట కదా. మంచం కోడుకి కాలు తన్నిపెట్టి రెండు చేతులా ఎలా లాగాలో అక్కడే, ఆ పెరట్లో, చీర కుచ్చిళ్ళు దోపుకుని మరీ చూపించారు. "ఉన్నాయిలే అని మురిసిపోకే కరుణా. నవ్వారు ఉంటే చాలదు, బిగువుండాలి. ఏడాదికోసారి లాక్కోకపోతే మనిషి నడుం నేలకి తగులుద్ది. నువ్వు చేత్తో లాగి చూశావా?"

చూస్తున్నానన్నాను. అది నిజం కాదు.

ఏటా మంచు కరిగాక ఇల్లంతా చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను కదా. కొళాయిలు, పొగ అలారం, చలికాలం ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఫిల్టర్, కింద పట్టీలు. పలక తీసి టార్చ్ వేసేదాన్ని. పట్టీలు కనిపించేవి. టిక్ పెట్టేసేదాన్ని. నాలుగేళ్ళు, నాలుగు టిక్కులు. చెయ్యి పెట్టి లాగింది ఒక్కసారీ లేదు. కింద సాలెగూళ్ళు ఉంటాయి, మోకాళ్ళ మీద పాకాలి... ఇవి కారణాలని నేను అనను.

కిందటి కిందటి జూలైలో మీరు మొదలుపెట్టారు. పడమటి గాలి వస్తే మీ గది ఊగుతోందని. మీది ఇంటికి ఆ చివర గది. మాది ఈ చివర. మాకేమీ తెలిసేది కాదు. ఒకరోజు నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి అల్మారా తలుపు తెరిచారు. "చూడు, హేంగర్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటన్నాయ్. వాటిక్కూడా తల తిరుగుద్దా?"

ఫర్నేస్ గాలికి అలా కదులుతాయని చెప్పాను. జూలైలో ఫర్నేస్ ఎక్కడిది అత్తయ్యా? మీరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఆ నెలాఖరునే మిమ్మల్ని క్లినిక్‌కి తీసుకువెళ్ళాను. అసలు చెప్పాల్సింది ఇది.

డాక్టరు అడిగితే మీరు నాతో అన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "పడమటి గాలి వచ్చినప్పుడల్లా నా గది నేల లేచి దిగుతోందని చెప్పు. తోస్తే గోడన్నా పట్టుకుంటా, ఇది లేపుద్దే. గాలి ఆగితే నాకేమీ ఉండదని కూడా చెప్పు."

నేను ఇంగ్లీషులో డాక్టరుతో చెప్పింది, మా అత్తగారికి తల తిరుగుతోందని. అంతే.

మీరు నా వైపు చూసి, "నేనంత చెబితే నువ్వు ఇంతే చెప్పావేంటే?" అన్నారు. ఇంగ్లీషులో అంతేనన్నాను.

ఎందుకలా చెప్పాను? ఇల్లు ఊగుతోందని చెబితే డాక్టరు ఏమనుకుంటుందో అనుకున్నాను. మొబైల్ హోమ్‌లో ఉంటున్నామని చెప్పడం కూడా నాకు చిన్నతనంగా ఉండేది. దానికంటే పెద్ద కారణం ఇంకోటుంది. నోట్‌బుక్‌లో టిక్ ఉంది కదా, ఇల్లు ఎందుకు కదులుతుంది? మీ మాట మీద కంటే నా టిక్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

తల తిరుగుడికి మాత్రలు రాశారు. రోజూ ఉదయం నేనే నీళ్ళ గ్లాసుతో తెచ్చి ఇచ్చేదాన్ని. అవి వేసుకున్న దగ్గర నుంచి మీకు మగతగా ఉండేది. చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకునే మీరు ప్రసంగం సగంలో నా భుజం మీద వాలిపోయేవారు. గాలి రోజుల్లో దుప్పటి తీసుకుని జాయిస్ గదిలోకి వెళ్ళి కూర్చునేవారు. మనవరాలితో కబుర్లకని అనుకునేదాన్ని. అది కబుర్లకేనా అత్తయ్యా... భయమా?

ఈ మే నెలలో ఒక మధ్యాహ్నం మీ గదిలో దుప్పట్లు మడతపెడుతూ మీ మంచం మీద కాస్త నడుం వాల్చాను. బయట పడమటి గాలి. నా వీపు కింద నేల మెల్లగా పైకి వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. దిగింది. మళ్ళీ వచ్చింది. అల్మారాలో హేంగర్ల చప్పుడు.

లేచి నోట్‌బుక్ తీశాను. ఎడమ పేజీలో, కిందటి కిందటి ఏడు జూన్: చలికి నేల ఉబ్బి వంటింటి తలుపు పట్టేస్తోంది, మనుషుల్ని పిలిచి ఇల్లు లెవెల్ చేయించాం. కుడి పేజీలో, జూలై: అత్తయ్యకి తల తిరుగుడు, క్లినిక్. రెండూ నా చేతిరాతే. ఎదురెదురు పేజీలు. ఇన్నాళ్ళూ ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూనే ఉన్నాయి, నేనే చూడలేదు.

మీ అబ్బాయి పాత జాకెట్ వేసుకుని కిందికి పాకాను. మొదటిసారి చేత్తో లాగాను. పడమటి వైపు అయిదు పట్టీలు. మూడు ఉతికి ఆరేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. ఇల్లు ఎత్తి దించడానికి వదులు చేసినవాళ్ళు మళ్ళీ బిగించకుండానే వెళ్ళిపోయారన్నమాట. నాలుగోది కాస్త నయం. అయిదోది లాగితే దాని యాంకరే జానెడు పైకి వచ్చింది.

శుక్రవారం పెద్ద గాలి వస్తుందని ఫోన్‌లో హెచ్చరిక. అప్పటికి మంగళవారం. పట్టీలు బిగించే మనిషి గురువారం గానీ రాలేనన్నాడు. మీ అబ్బాయికి పట్టీల సంగతి చెప్పాను. క్లినిక్ సంగతి చెప్పలేదు. ఆ రెండు రోజులూ జాయిస్‌ని పడమటి గదుల వైపు వెళ్ళనివ్వలేదు. మిమ్మల్ని మాత్రం రెండు ఎండాకాలాలు, ఒక చలికాలం అక్కడే పడుకోనిచ్చాను.

వచ్చినాయన తల నెరిసిన పెద్దాయన. ఇంత బరువైన ఇంటిని గాలి ఏం చేస్తుందని అడిగాను. నా చేతిలోని కాగితం తీసుకుని, ఒక అంచు పెదవి దగ్గర పట్టుకుని దాని పైనుంచి ఊదాడు. వేలాడుతున్న కాగితం పైకి లేచింది. గాలి ఇంటిని తోయడమే కాదట, కప్పు మీదుగా పోతూ పైకి లాగుతుందట, కింద దూరింది పైకి నెడుతుందట. మీరు క్లినిక్‌లో చెప్పమన్నదీ అదే కదా.

రెండు కొత్త యాంకర్లు లోతుగా దింపాడు. అన్ని పట్టీలూ బిగించాడు. ఆయన వెళ్ళేలోపు నేను మళ్ళీ కిందికి దూరి, దిమ్మెకి కాలు తన్నిపెట్టి ఒక్కొక్కటీ లాగి చూశాను. ఒక్కటీ కదల్లేదు. ఆయన వింతగా చూశాడు.

శుక్రవారం మధ్యాహ్నం గాలి వచ్చింది. రెండిళ్ళ అవతల కారు షెడ్డు కప్పు లేచిపోయి రోడ్డు మీద పడింది. నేను మీ గదిలోనే కూర్చున్నాను. గోడలు సన్నగా వణికాయి. నేల మాత్రం లేవలేదు. జాయిస్ గుమ్మంలోనే నిలబడి ఇంగ్లీషులో ఏదో అంది, నానమ్మ ఉంటే బాగుండేదని.

ఆ సాయంత్రం మీ అబ్బాయికి అంతా చెప్పాను. నోట్‌బుక్ ముందు పెట్టాను. రెండు పేజీలూ చదివి మూసేశారు. ఒక్కటే అడిగారు, డాక్టరుతో నేను వేరేగా చెప్పానని అమ్మకి తెలుసా అని. తెలియదన్నాను. అంటే... మీకు తెలుసో లేదో నాకు తెలియదని.

మీకు తెలుసా అత్తయ్యా? తెలిసే ఆ మాత్రలు వేసుకున్నారా?

రెండు రోజులు మీ అబ్బాయి నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. ఆదివారం చర్చిలో పాట మొదలైతే నేను పేజీ వెతుక్కుంటున్నాను. తన పుస్తకం నా వైపు జరిపారు. అంతకంటే నేను అడగలేను.

వచ్చే మంగళవారం మన చర్చి శాంతమ్మ గారిని క్లినిక్‌కి తీసుకువెళ్ళాలి. వాళ్ళబ్బాయికి సెలవు దొరకలేదట. "మా కోడలు ఇంగ్లీషులో గడగడా చెప్పుద్ది" అని మీరు ఆవిడతో అనేవారట కదా, ఆ నమ్మకంతోనే నన్ను అడిగారు. రానని చెప్పబోయి ఆగాను. వస్తానన్నాను.

ఆవిడ ఎంత చెబితే అంతా చెబుతాను అత్తయ్యా. నాకు నమ్మకం కలగని మాటైనా, డాక్టరు గడియారం చూసుకుంటున్నా, ఆవిడ చెప్పినంతా, ఆవిడ చెప్పినట్టే.

మీ కోడలు,
కరుణ