గట్టు అవతలి మన్ను

చిక్కబళ్ళాపురం

సాదలిలో ఉన్న అప్పకు నేత్ర దండాలు. ఇక్కడ నాకు ఒళ్ళు బాగానే ఉంది, మనసే బాగాలేదు. అమ్మ, ఆవులు, నువ్వు బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు కాబట్టి రాస్తున్నాను.

మన్ను సంచితో పాటు బస్సులో పంపిన చీటీలో "అన్నం సరిగ్గా తింటాండావా?" అని అడిగావు. తింటున్నాను. "మన మన్ను ఎట్ల ఉండాది?" అని అడిగావు. బంగారంలా ఉంది. కానీ అది మనది కాదు.

నేను పనిచేసే మన్ను పరీక్ష ల్యాబులో ఆ మన్ను నీడలో ఆరబెట్టింది నేను, గడ్డలు చితక్కొట్టింది నేను, జల్లెడ పట్టింది నేను. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి నేర్చుకున్న పని. జల్లెడలో ఏం మిగిలిందో తెలుసా? మల్బరీ వేర్లు, పట్టుపురుగుల పెంట. మన దిగువ పొలంలో మల్బరీ యాడిది అప్పా? గట్టు దాటి రామాంజినప్ప మామ తోటలో తవ్వుకొచ్చావు. ఉప్పు కొలిచే మిషను, వెలుగు పంపి మన్ను గుణం చదివే మిషను, రెండూ భేష్ అన్నాయి. అనవా మరి! వాటికి నీ మోసం ఏం తెలుసు?

ఎందుకు చేశావో అమ్మ చెప్పింది. "మన్ను పరీక్షలో ఏం తేలిందో శుక్రవారం ఊర్లో అందరి ముందరా చదువుతారంట. వెంకటరాయప్ప చేను చౌడంట అని నగుతారు. నా మర్యాద ఏం కావల్ల?" అన్నావట. మర్యాద! పొలంలో తెల్లగా పేరిన ఉప్పును ఊరంతా రోజూ చూస్తూనే ఉంది. ఈ భేష్ కాగితం నమ్మి నువ్వు అనుకున్నట్టు ద్రాక్ష నాటితే ఆకుల అంచులు మాడి తోటంతా పోతుంది. అప్పుడు నీ మర్యాదను పందిరికి పాకిస్తావా?

ఇక దాచను. పోయిన ఆదివారం నువ్వు చింతామణి మార్కెట్టుకు పోయినప్పుడు నేను ఊరికి వచ్చాను. దిగువ పొలంలో అక్కడక్కడా తవ్వాను. "మీ అప్పకు తెలిస్తే నన్ను బతకనీడు మే" అంటూనే అమ్మ పార అందించింది. ల్యాబుకు తెచ్చి, నీ సంచి పారబోసి, అదే నంబరుతో అసలు మన్ను పెట్టి మళ్ళీ పరీక్ష చేశాను; ఈసారి మిషన్లు చౌడన్నాయి. చిన్నప్పుడు ఆ పొలంలో మన్ను తింటానని వీపు వాయగొట్టేవాడివి, గుర్తుందా? ఆ ఆదివారం తవ్వుతూ మళ్ళీ ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. గట్టు మీద కూర్చుని ఏడ్చాను, కోపంతోనే.

నువ్వు అడిగిపెట్టిన ద్రాక్ష మొక్కలు వద్దని నర్సరీకి చెప్పేశాను. శుక్రవారం "వెంకటరాయప్ప, చౌడు" అని చదివేది నేనే. నీళ్ళు నిలవకుండా కాలువ తీసి, పచ్చిరొట్టకు జీలుగ వేసి దున్నితే ఆ పొలం మెల్లగా కోలుకుంటుందనీ చెబుతాను. తిట్టాలంటే అక్కడికే వచ్చి తిట్టు. కానీ ముందు వరుసలో కూర్చో. నువ్వు లేచి వెళ్ళిపోతే, వచ్చేసారి ఊరంతా పక్కవాడి మన్నే తెస్తుంది.

ఇట్లు,
నీ పొలం మన్ను తిని పెరిగిన కూతురు,
నేత్ర