జడ్జిగారి మోకాలు

టూసాన్, అరిజోనా
9 మే 1988

తమ్ముడు ఈనక్‌కి, అక్క లవీనియా దీవించి, కుడి చెవి మెలిపెట్టి రాస్తున్నది:

క్షేమంగా చేరాను. ఇక్కడి ఎండు గాలి నా ఊపిరితిత్తులకి పడినట్టే ఉంది. ఆకులు రాలేదాకా ఊరు కదలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మన పిన్ని కూతురు మేబెల్ వాళ్లింట్లో నాకో గది ఇచ్చింది. ఫోన్ చేద్దామంటే నీ చెవులతో కష్టం. పోయినసారి "పాలు తాగావా?" అంటే "పోలీసులెందుకు?" అని కేకలేశావు. అందుకే ఉత్తరాలు.

నా ప్రాణం నీ చేతుల్లో పెట్టి వచ్చాను. అదే, జడ్జిని. పదేళ్ల బీగిల్ కుక్క, వాడికి అడ్డు చెప్పేవాళ్లు లేరు. రాతిగోడ వెనక గడ్డిలో దూరి రావడం వాడికి అలవాటు. అక్కడ జింకలు తిరుగుతాయి, జింకల వెంట పిడుదులు వస్తాయి. గసగసాల గింజంత ఉంటాయి, కంటికి ఆనవు. వాడు ఇంట్లోకి రాగానే చెవుల కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో తడిమి చూడు. దొరికితే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిటారుగా లాగెయ్. అగ్గిపుల్లతో కాల్చకు, కిరసనాయిలు పొయ్యకు.

ఆ తర్వాత నీ ఒళ్లు కూడా చూసుకో. గడ్డిలోకి వెళ్లేటప్పుడు ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకో.

నీ అక్క,
లవీనియా

తా.క. చూసుకోవడమంటే అద్దం ముందు మీసం చూసుకోవడం కాదు.


లైమ్, కనెక్టికట్
21 మే

లవీనియా అక్కకి, తమ్ముడు ఈనక్ టోపీ తీసి రాస్తున్నది:

నీ ఉత్తరం అందింది. చెవి ఇంకా మండుతోంది.

అక్కా, ఆ పిడుదుల జబ్బు ఊసు నా దగ్గర ఎత్తకు. న్యూయార్క్‌లో ఎవరికైనా జలుబు చేస్తే దానికి న్యూయార్క్ జలుబని పేరు పెట్టారా? మూడొందల ఏళ్లుగా మన ఊరు ఎవరి జోలికీ పోలేదు. పిల్లలకి కీళ్లు వాస్తే డాక్టర్లొచ్చి దానికి లైమ్ జబ్బని మన ఊరి పేరు తగిలించిపోయారు. ఇప్పుడు ఏ ఊరు వెళ్లి "మాది లైమ్" అన్నా ఎదుటివాడు కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నాడు. నలభై ఏళ్లు ఇదే ఊళ్లో పడవలు కట్టాను. మన ఊరి పేరున్న జబ్బు నన్నేం చేస్తుంది?

అయినా నీ మాట తీసెయ్యలేదు. ప్యాంటు మేజోళ్లలో దోపుకుని పోస్టాఫీసుకి వెళ్లాను. కిటికీ వెనక నుంచి పోస్టుమాస్టరమ్మ "ఏంటి ఈనక్, వరదొస్తోందా?" అంది. ఆ ఒక్కరోజుతో సరి.

ఇట్లు,
ఈనక్

తా.క. జడ్జికి తొడ మీద ఎర్రటి మచ్చ లేచింది. చుట్టూ ఇంకో వలయం, మొత్తం కలిపి సాసరంత. నొప్పీ లేదు, దురదా లేదు. సాలీడు కుట్టి ఉంటుంది. గుర్రాలకి రాసే మందు రాశాను. ఏమంటావ్?


టూసాన్
30 మే

ఈనక్‌కి, అక్క కంగారుగా రాస్తున్నది:

గుర్రాల మందేంటి, నీ మొహం! వెంటనే జడ్జిని మన పశువుల డాక్టరమ్మ హారియట్ పెక్ దగ్గరికి తీసుకెళ్లు. ఆ వలయం సాలీడు పని కాదు. అది పోయినా లోపల జబ్బు పోయినట్టు కాదట, ఇక్కడి డాక్టరు చెప్పాడు. మొదట్లోనే మాత్రలు పడితే సులువుగా తగ్గుతుందట. వాయిదా వెయ్యకు.

నీ అక్క,
లవీనియా

తా.క. వాడు మొండివాడు, వెళ్లనంటాడు. వాడి మాట వినకు.


లైమ్
14 జూన్

అక్కకి, ఈనక్ రాస్తున్నది:

చూశావా, మచ్చ దానంతటదే పోయింది! నువ్వూ నీ టూసాన్ డాక్టరూ ఊరికే హడలెత్తించారు.

కాకపోతే జడ్జి కాస్త నలతగా ఉన్నాడు. ఒళ్లు వెచ్చబడింది. పొద్దున లేవబుద్ధి కావడం లేదు. మోకాలు కర్బూజాపండులా వాచింది. మొన్న పడవకి రంగు వేస్తూ నిచ్చెన రెండో మెట్టు మీదే ఆగిపోయాడు. పైకీ వెళ్లలేడు, కిందికీ రాలేడు. అరగంట అలాగే నిలబడి నదిని చూశాడు. వయసులే అక్కా. డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామంటే అక్కడంతా వేసవికి వచ్చిన షోకు జనం, వాళ్ల షోకు కుక్కలు.

ఇట్లు,
ఈనక్

తా.క. నిచ్చెన దిగాక ఆ మిగిలిన రంగు వేయించడానికి మనిషిని పెట్టాల్సి వచ్చింది. జడ్జికి చాలా నామోషీగా ఉంది.


టూసాన్
22 జూన్

ఈనక్‌కి,

ఈసారి దీవెనలు లేవు. పదేళ్ల కుక్కని నిచ్చెన ఎక్కిస్తావా? రంగులు వేయిస్తావా? నీకు మతి ఉందా? మూగజీవాల సంఘానికి రాస్తాను, వాళ్లొచ్చి నిన్ను కట్టేసి జడ్జిని విడిపిస్తారు. ఈ క్షణం నుంచి వాడు నిచ్చెన ముట్టుకోవడానికి వీల్లేదు. పడవ ఎండిపోయినా సరే, ఒరిగిపోయినా సరే.

అడిగినవాటికి సరిగ్గా జవాబు రాయి. ఏ మోకాలు? తలనొప్పి ఉందా? మెడ పట్టేసిందా? అన్నం సహిస్తోందా? గుండె దడదడలాడుతోందా? ఒక్కటి కూడా దాచకు.

లవీనియా

తా.క. భయమేస్తోందేమో కూడా అడుగు. నువ్వడిగితే చెప్తాడు.


లైమ్
30 జూన్

అక్కకి,

అడిగాను. ఎడమ మోకాలు. తలనొప్పి ఉంది. మెడ తిప్పి వెనక చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఆల్చిప్పల సూపు ముందు పెడితే రెండు చెంచాలు తాగి పక్కన పెట్టేస్తున్నాడు. గుండె సంగతి తెలీదు, మామూలుగానే కొట్టుకుంటోంది.

నిన్న పొద్దున్నుంచి ఇంకోటి మొదలైంది. ముఖం కుడివైపు జారిపోయింది. ఆ కన్ను మూత పడదు. కాఫీ తాగితే నోటి మూలనుంచి చొక్కా మీదికి కారుతోంది. ఈల వేద్దామంటే గాలి తప్ప మోత రాదు. నలుగురూ చూస్తారని చర్చికి వెళ్లలేదు.

భయం గురించి అడగమన్నావు. ముందు లేదన్నాడు. తర్వాత ఉందన్నాడు.

ఈనక్

తా.క. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీకు చెప్పినట్టు కూడా వాడికి తెలియనివ్వకు.


టూసాన్
6 జూలై, ఎక్స్‌ప్రెస్ ఉత్తరం

ఈనక్,

డాక్టర్ పెక్‌తో మాట్లాడాను. మంగళవారం పొద్దున పది గంటలకి జడ్జిని తీసుకురమ్మంది. నువ్వే వెళ్లాలి, ఇంకెవరితోనూ పంపడానికి వీల్లేదు. వాడి పక్కనే కూర్చో, చెయ్యి పట్టుకో. వెళ్లలేదని తెలిసిందో, మరుసటి రైలెక్కి వచ్చేస్తాను. ఊపిరితిత్తులు ఏమైతే అవుతాయి.

అక్క

తా.క. చొక్కా మార్చుకుని వెళ్లు. కాఫీ మరకలున్నది వద్దు.


లైమ్
15 జూలై

అక్కకి, తమ్ముడు ఈనక్ తల దించుకుని రాస్తున్నది:

మంగళవారం వెళ్లాం. డాక్టరమ్మ జడ్జిని బల్ల మీదికి ఎక్కించి చెవులు ఎత్తి చూసింది, సూదితో కాస్త రక్తం తీసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏదీ, కాఫీ తాగే జడ్జి ఎవరు?" అంది.

నేను జడ్జిని బల్ల మీంచి దించబోయాను.

"ప్యాంటు మోకాలిదాకా పైకి లాగు ఈనక్."

"నువ్వు పశువుల డాక్టరువి హారియట్."

"నీకు సరిపోతాను. లాగు."

లాగాను. అది చూసి ఆవిడ నవ్వు ఆపేసింది. నా మోచెయ్యి పట్టుకుని పక్క భవనంలో డాక్టర్ లూమిస్ దగ్గరికి నడిపించింది. జడ్జి కూడా మా వెనకే వచ్చాడు. ముగ్గురం మనుషుల డాక్టరు గదిలో వరసగా కూర్చున్నాం. లూమిస్ నా ముఖం చూసి, నుదురు ముడవమన్నాడు, బుగ్గలు ఉబ్బించమన్నాడు, సగమే ఉబ్బాయి. "మే నెలలో వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. నాలుగు వారాలు మాత్రలు వాడాలి. ముఖం చాలామందికి మళ్లీ మామూలుగా అవుతుందట. మూడు రోజులకే జ్వరం పోయింది.

అక్కా, నిచ్చెన మీద ఆగిపోయింది నేను. మచ్చా నాదే. నిన్ను మోసం చేశాను. ఎందుకో రాస్తాను, నవ్వకు. నాకు బాగాలేదంటే నువ్వు మూటా ముల్లే సర్దుకుని వచ్చేస్తావు. పోయిన చలికాలం గోడ పట్టుకుని నువ్వు ఊపిరి పీల్చుకున్నావే, ఆ చప్పుడు ఈ చెవిటివాడికి కూడా వినిపించింది. మళ్లీ వినలేను. కానీ ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే తట్టుకోలేకపోయాను. అందుకని కుక్క పేరు పెట్టాను.

నీ మోసకారి తమ్ముడు,
ఈనక్

తా.క. ఊరి పేరు మీద కోపం ఇంకా పోలేదు. కానీ లూమిస్ దగ్గర జబ్బు పేరు కాగితం మీద రాయమంటే రాశాను. స్పెల్లింగు నాకు బాగానే వచ్చు కదా.


టూసాన్
22 జూలై

నా తమ్ముడు ఈనక్‌కి, అక్క రెండు చేతులతో దీవించి రాస్తున్నది:

ఇప్పుడు నా వంతు. కుర్చీలో కూర్చుని చదువు.

నాకు మే నెలలోనే తెలుసు. నీ మొదటి ఉత్తరం ఇక్కడి పశువుల డాక్టరుకి చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, "అమ్మా, అలాంటి వలయం కుక్కల ఒంటి మీద కనిపించదు. అంత జుట్టు కింద సాసరంత మచ్చ ఎవరు చూస్తారు? అసలు బీగిల్ తొడే సాసరంత ఉండదు. ఆ తొడ ఎవరిదో ముందు కనుక్కోండి" అన్నాడు. ఆరోజే లూమిస్‌కి ఫోన్ చేశాను. కొన్నాళ్లాగి మళ్లీ అడిగితే, వచ్చి చూపించుకోమని నీకు రెండు చీటీలు పంపానన్నాడు. నువ్వు వాటితో పొయ్యి రాజేసుకుని ఉంటావు. "మనిషిని తాళ్లు కట్టి తేలేను కదా లవీనియా" అన్నాడు.

అందుకే జడ్జిని తిడుతూ నిన్ను తిట్టాను. నిచ్చెన ఎక్కొద్దన్నది నిన్నే. భయమేస్తోందా అని అడిగింది కూడా నిన్నే.

ఇంకోటి ఉంది. నా ఊపిరితిత్తులు బాగుపడి నెల దాటింది. ఇక ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు జూన్ పదో తేదీనే చెప్పాడు. టిక్కెట్టు కొన్నాను, పెట్టె సర్దాను. అంతలో నిచ్చెన ఉత్తరం వచ్చింది. పెట్టె మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. అరవై ఆరేళ్లలో నా ఎదురుగా నిలబడి ఎప్పుడైనా "నొప్పి" అన్నావా నువ్వు? రంపం వేలు కోసినప్పుడు కూడా చెయ్యి జేబులో పెట్టుకుని వాతావరణం గురించి మాట్లాడావు. నేను ఇంటికొచ్చేస్తే ప్యాంటు కిందికి లాక్కుని, కుంటుతూ గదిలోకి పోయి తలుపేసుకునేవాడివి. ఇక్కడుంటే కుక్క పేరుతోనైనా అన్నీ చెప్తావు. అందుకని టిక్కెట్టు వెనక్కి ఇచ్చేశాను. మేబెల్ నన్ను రాతిగుండె అంది. ఆ ముఖం సంగతి రాసిన ఉత్తరం చదివాక నేను ఎలా ఉన్నానో ఆవిడకే తెలుసు.

ఆగస్టు మూడున రైలు దిగుతున్నాను. స్టేషన్‌కి రా. ముఖం సగమే నవ్వినా రా.

నీ అక్క,
లవీనియా

తా.క. రెండు నెలలుగా జడ్జి గురించి పేజీలకి పేజీలు రాశావు. చివరికి వాడి రక్తపరీక్ష ఏం తేలిందో కూడా రాయలేదు. ఇంతకీ నా కుక్క ఎలా ఉంది?